మందిచ్చే చేతికి మాట రాదా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖల గౌరవ మంత్రులకు, ఉన్నతాధికారులకు, రెండు రాష్ట్రాల ఫార్మసీ కౌన్సిళ్ల పెద్దలకు,



"మందు గురించి మరీ ఎక్కువ చెబితే జనం భయపడతారండీ, వేసుకోవడం మానేస్తారు." ఈ మాట ఆసుపత్రి వరండాల్లో విన్నాను. మందుల షాపు కౌంటరు దగ్గర విన్నాను. రోగుల భద్రత గురించి పెట్టిన సభలోనే వేదిక మీది పెద్దమనిషి నోట విన్నాను. చివరికి ఆసుపత్రిలో మా అక్క మంచం పక్కన కూర్చుని ఉన్నప్పుడూ విన్నాను. అప్పటికి ఆమె నోరంతా పుండై నాలుగు రోజులుగా మంచినీళ్లు కూడా మింగలేకపోతోంది. ఎవరూ ఏమీ చెప్పకపోవడం వల్ల వచ్చిన కష్టం అది. ఎక్కువ చెబితే వచ్చే నష్టం గురించి పాఠం చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. తక్కువ చెప్పడం వల్ల వచ్చిన నష్టాన్ని లెక్క రాసేవాళ్లే కనిపించరు. ఆ లెక్కలో ఒక పద్దు మీ ముందు పెడుతున్నాను.

అక్కకు అరవై నాలుగేళ్లు. గుంటూరు జిల్లాలో ఒక మండల కేంద్రంలో ఉంటుంది. చేతివేళ్ల కణుపులు వాచి, పొద్దున్నే లేచి జడ కూడా వేసుకోలేని స్థితి వస్తే, మా మేనకోడలు నగరానికి తీసుకెళ్లి కీళ్ల డాక్టరుకు చూపించింది. ఆయన రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ అని తేల్చి మెథోట్రెక్సేట్ రాశారు. ఆ జబ్బుకు ప్రపంచమంతా ముందుగా రాసే మందు అదే. మంచి మందు. దానికి అన్నిటికన్నా గట్టి షరతు ఒకటుంది: వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. చీటీ మీద డాక్టరు ఆ మాట సరిగ్గానే రాశారు, ఇంగ్లిషులో, బుధవారం అని వారం పేరుతో సహా. దానికి తోడుగా ఫోలిక్ యాసిడ్ కూడా రాశారు.

ఊళ్లో మందుల షాపు కుర్రాడు చీటీ చూసి పదిహేను రోజులకని ఒక స్ట్రిప్పు, ఇంకో అర స్ట్రిప్పు ఇచ్చాడు. కత్తెర పడ్డ ముక్క మీద మందు పేరు సగమే మిగిలింది. రెండు మందులూ పసుపుపచ్చగా, కందిబద్దంత ఉన్నాయి. రెండింటినీ రెండు కాగితపు కవర్లలో వేసి, రెండింటి మీదా బాల్‌పెన్నుతో 1-0-0 అని గీశాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి వద్దు. అక్కకు ఇంగ్లిషు రాదు కానీ ఆ అంకెలు వచ్చు. మన ఊళ్లలో చదువు రానివాళ్లకు కూడా వచ్చిన మందుల భాష అదొక్కటే. వారానికోసారి అన్న మాట చెప్పడానికి ఆ భాషలో అక్షరం లేదు. అక్క కవరు మీద ఉన్నట్టే తు.చ. తప్పకుండా రోజూ వేసుకుంది.

ఆరో రోజుకు నోటిపూత వచ్చింది. షాపులో చూపిస్తే బీ కాంప్లెక్సు ఇచ్చారు. ఆర్ఎంపీ డాక్టరు చూసి వేడి చేసిందన్నాడు, మజ్జిగ తాగమన్నాడు. ఎనిమిదో రోజుకు పెరుగన్నం కూడా గొంతు దిగలేదు, తొమ్మిదో రోజు చలిజ్వరం. మందులు మానితే కీళ్లు బిగుసుకుపోతాయన్న భయంతో అప్పుడు కూడా ఆ పసుపు మాత్ర మానలేదు. పదో రోజున నగరంలో రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు అడుగంటాయి. ఆసుపత్రిలో చేర్చుకుని, ఆ మందుకు విరుగుడైన ఫోలినిక్ యాసిడ్ సూదులు వేసి, పన్నెండు రోజులకు ఇంటికి పంపారు. అక్క బతికింది. ఇదే మందుతో, రోజుకూ వారానికీ మధ్య జరిగిన ఇదే పొరపాటుతో ప్రాణాలు పోయినవాళ్లు చాలా దేశాల్లో ఉన్నారు. ఇది కొత్త పొరపాటేమీ కాదు, మందుల భద్రత గురించి చదువుకున్న ప్రతివాళ్లకూ తెలిసిన పాత పొరపాటు.

నేను ఎవరి మీదా ఫిర్యాదుతో రాలేదు. డాక్టరు తప్పు రాయలేదు. షాపు కుర్రాడు పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి వందల చీటీలు తీర్చేవాడు. నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది ఆ ఆరో రోజు పొద్దు. ఆ పూట అక్క మనసులో ఒక ప్రశ్న ఉంది: "కొత్త మందు మొదలుపెట్టాకే కదా ఈ పూత వచ్చింది, దానివల్లేనా?" అంత తెలివైన ప్రశ్న వేసుకున్న మనిషికి, దాన్ని అడగడానికి చోటు దొరకలేదు. మందు సంగతి తెలిసినవాళ్లు ఎవరు ఫోనెత్తినా తిరిగి వేసే మొదటి ప్రశ్న ఒకటే: "అమ్మా, రోజూ వేసుకుంటున్నారా?" రెండు నిమిషాల సంభాషణ. ఆ రెండు నిమిషాలు లేక పన్నెండు రోజుల ఆసుపత్రి. ఆ రెండు నిమిషాలు ఇచ్చే బాధ్యత ఎవరిదో మీరు చెప్పండి.

బాధ్యత ఎవరిదీ కాదని అనడానికి లేదు. పుస్తకంలో రాసి ఉంది. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం రిజిస్టరైన ఫార్మసిస్టు తప్ప వేరొకరు చీటీకి మందు ఇవ్వకూడదు. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు ఇంకా ముందుకు వెళ్లాయి. మందు పేరు, ఎందుకు వేసుకోవాలి, ఎంత, ఎలా, ఎన్నాళ్లు, ఏ ఇబ్బంది వస్తే జాగ్రత్త పడాలి, ఎలా దాచుకోవాలి, ఒక పూట మరిచిపోతే ఏం చేయాలి, ఇవన్నీ రోగికి చెప్పడం ఫార్మసిస్టు పని అని చెప్పాయి. మందుల సమాచారం చెప్పడానికే ప్రత్యేకంగా ఒక ఫార్మసిస్టు ఉండాలన్న ఆలోచన కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. కౌన్సిళ్ల పెద్దలారా, ఆ నిబంధన ప్రకారం మీకు ఎవరైనా చివరిసారి మందు ఇచ్చి, మాట కూడా ఇచ్చింది ఎప్పుడు? పోనీ, షాపు గోడ మీద ఫ్రేము కట్టి వేలాడే సర్టిఫికెట్లోని మనిషి, కౌంటరు వెనక ఉన్న మనిషి ఒక్కరేనా అని మీరు చివరిసారి చూసింది ఎప్పుడు?

ఒక చిత్రం గమనించండి. మందు వల్ల హాని జరిగిపోయాక చెప్పుకోవడానికి మనకు ఏర్పాటు ఉంది. దేశవ్యాప్త ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం 2010లో మొదలైంది. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దాన్ని నడుపుతోంది. 1800-180-3024 అనే ఉచిత నంబరుంది. దుష్ఫలితం గురించి రోగే స్వయంగా నింపి పంపే ఫారం తెలుగులో కూడా ఉంది. మంచిదే, ఉండాల్సిందే. ఢిల్లీ ఎయిమ్స్‌లో 1995 నుంచి విషాల సమాచార కేంద్రం రాత్రీ పగలూ పనిచేస్తోంది. పురుగుమందు తాగిన మనిషికి ఏం చేయాలో డాక్టరు అక్కడికి ఫోను చేసి అడగవచ్చు. మరి హాని జరగకముందు, ఒక తల్లి, ఒక ముసలాయన, ఒక నర్సు, తెలుగులో "ఈ మందు ఇలా వేసుకోవచ్చా?" అని అడగడానికి ఏముంది? మీ ఆసుపత్రుల మందుల కౌంటరు గోడ మీద అలాంటి నంబరు ఒక్కటి చూపించగలరా? విషానికి ఉన్న పాటి ఫోను మందుకు ఉండక్కర్లేదా?

జనం ఏం అడుగుతారని మీరు అనుకుంటారేమో. అక్క మంచం పక్కన గడిపిన పన్నెండు రోజుల్లో ఆ వార్డులో నేను విన్న ప్రశ్నలు కొన్ని చెబుతాను.

గుండెలో కవాటం మార్చి, రక్తం గడ్డకట్టకుండా అసిట్రోమ్ వేసుకుంటున్న ఒకామె "గోంగూర తినొచ్చా?" అని ప్రతివాళ్లనీ అడిగేది. నవ్వేవాళ్లే తప్ప జవాబు చెప్పినవాళ్లు లేరు. అది నవ్వాల్సిన ప్రశ్న కాదు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఆ మందు పనిని తగ్గిస్తుంది. ఆకుకూరలు మానెయ్యక్కర్లేదు, వారం వారం ఇంచుమించు ఒకే పాళ్లలో తినాలి, పాళ్లు బాగా మారితే డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోవాలి. అదే మనిషి మోకాళ్ల నొప్పికి షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుంటే మాత్రం కడుపులో రక్తస్రావం కావచ్చు. గోంగూర గురించి అడిగిన మనిషికి నొప్పి బిళ్ళ గురించి కూడా చెప్పే మనిషి కావాలి. ఆమె అడగని ప్రశ్నకు జవాబే ఆమెను కాపాడేది.

ఒక మనవడు తాతకు ఇన్సులిన్ పెన్ను పాడైందని, అందులోని మందును మామూలు సిరంజితో లాగి వేశాడు. మన దేశంలో సీసాలో అమ్మే మామూలు ఇన్సులిన్ మిల్లీలీటరుకు 40 యూనిట్లు, పెన్నులోది 100. ఎర్ర మూత సిరంజి మీద గీతలు 40 లెక్కకు గీసినవి. పెన్నులోని మందును ఆ సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 50 యూనిట్లు. తాత తెల్లవారుజామున చెమటలు పట్టి స్పృహ తప్పాడు. ఆ మనవడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. లెక్క రాక జరిగింది కాదిది. ఆ లెక్క ఒకటుందని అతనికి చెప్పినవాళ్లు లేరు.

పసిబిడ్డ తల్లి ఒకామె జ్వరానికి పారాసిటమాల్ సిరప్ అయిపోతే ఇంట్లో ఉన్న డ్రాప్స్‌ను అదే కొలతతో పోసింది. డ్రాప్స్‌లో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములు ఉంటే, ఆమె వాడే సిరప్‌లో అయిదు మిల్లీలీటర్లకు 120 ఉంటాయి. మందు ఒకటే, జ్వరం ఒకటే, చెంచా ఒకటే. బిడ్డ ఒంట్లోకి వెళ్లింది నాలుగింతలు. ఇక థైరాయిడ్ మాత్రను పొద్దుటి కాఫీతో మింగి, టీఎస్‌హెచ్ ఎందుకు దిగడం లేదని డోసు పెంచుకుంటూ పోయేవాళ్లు, గొట్టంలో పెట్టి పీల్చాల్సిన ఆయాసం క్యాప్సూల్‌ను మంచినీళ్లతో మింగేవాళ్లు మీ ఇళ్లలోనూ ఉంటారు, వెతకండి.

వీళ్లలో ఎవరికీ మందు కొరత లేదు, డాక్టరు కొరత లేదు. మీరు బీపీ, షుగరు మాత్రలు పల్లెలకు ఉచితంగా చేరుస్తున్నారు. మెచ్చుకోవలసిన పని. మాత్ర ఇల్లు చేరింది. దాని మాట ఇంకా దారిలోనే ఉంది.

మందు పెట్టె మీద అంతా రాసి ఉంటుంది కదా అంటారా? 2023 ఆగస్టు 1 నుంచి ఎక్కువ అమ్ముడయ్యే 300 బ్రాండ్ల మందులకు క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. నేను ఆశగా ఫోనుతో స్కాన్ చేసి చూశాను. అందులో ఉండాల్సిన వివరాలు ఎనిమిది: ఉత్పత్తి గుర్తింపు సంఖ్య, మందు అసలు పేరు, బ్రాండు పేరు, తయారీదారు పేరూ చిరునామా, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ, లైసెన్సు నంబరు. నకిలీ మందును పట్టుకోవడానికి ఇవి పనికొస్తాయి. ఎలా వేసుకోవాలి, దేంతో కలిపి వేసుకోకూడదు, ఏది జరిగితే వెంటనే ఆపాలి, ఈ మూడింటిలో ఒక్కటీ ఆ ఎనిమిదిలో లేదు. మందు ఎక్కడ పుట్టిందో చెప్పే కోడు, మనిషి ఒంట్లోకి వెళ్లి ఏం చేస్తుందో చెప్పకపోతే అది ఎవరి కోసం?

దగ్గు మందుల సంగతీ అంతే. నాలుగేళ్ల లోపు పిల్లలకు క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిపిన జలుబు మందు వద్దని సీసా మీద రాయాలని కేంద్రం 2023 డిసెంబరులో చెప్పింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్‌వాడాలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసిన దగ్గు మందు తాగి ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ల లోపు వారికి కూడా మామూలుగా అవసరం ఉండదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఆ అక్టోబరులో గుర్తుచేసింది. ఆ వారం మన తల్లుల ఫోన్లలో ఎన్ని వాట్సాప్ సందేశాలు తిరిగాయో మీకూ తెలుసు. ఒకరు ఒక పేరు చెప్పారు, ఒకరు ఇంకో రంగు సీసా ఫొటో పెట్టారు. అలమరలో ఉన్న సగం సీసాను చేత్తో పట్టుకుని "ఇది పారబొయ్యాలా, ఉంచాలా?" అని అడగడానికి తల్లికి ఒక గొంతు దొరికిందా? హెచ్చరిక జారీ చేయడంతో మీ పని అయిపోయింది. ఆమె పని అప్పుడే మొదలైంది.

ఇది చదువు లేనివాళ్ల సమస్య అని కొట్టిపారేయకండి. మీ సొంత ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ నర్సును అడగండి. సెఫ్‌ట్రయాక్సోన్‌నూ కాల్షియం ఉన్న సెలైన్‌నూ పసికందుకు కలిపి ఎక్కిస్తే గడ్డలు కడుతుంది, ప్రాణాపాయం. ఫిట్స్‌కు ఇచ్చే ఫెనిటాయిన్‌ను గ్లూకోజు సీసాలో కలిపితే విరిగిపోతుంది, ఉప్పు సెలైన్‌లోనే కలపాలి. అర్ధరాత్రి రెండింటికి, ఒక్క నర్సు ముప్ఫై మంచాలు చూసుకుంటూ అనుమానం వస్తే ఎవరికి ఫోను చేస్తుంది? నిద్రపోతున్న ప్రొఫెసరుకా? అనుమానం వచ్చిన నర్సు మంచి నర్సు. ఆ అనుమానానికి జవాబు లేకపోతే ఆమె రెండోసారి అనుమానపడటం మానేస్తుంది.

మందుల పేర్లు చూస్తే డాక్టర్లకే తల తిరుగుతుంది. ఫాల్సిగో, ఫాల్సిటాబ్ అనే రెండు మలేరియా మందుల పేర్ల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మామూలు సరుకుల పేర్ల కన్నా మందుల పేర్లను ఎక్కువ కట్టుదిట్టంగా చూడాలని, ఇక్కడ పొరబడితే ప్రాణానికే ముప్పని 2001లో కోర్టు అంది. పేరు ఇంకో మందును పోలి లేదని కంపెనీయే రాసివ్వాలని 2019లో నిబంధన తెచ్చారు. పేర్లు పెట్టేవాళ్ల దగ్గర హామీ పత్రం తీసుకున్నాం సరే, ఆ పేర్ల మధ్య తడబడే మనిషికి చేయి అందించేది ఎవరు?

మందుల సమాచార సేవ అంటే రాకెట్ శాస్త్రమేమీ కాదు. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో 1962లోనే మొదలైంది. అంత దూరం ఎందుకు, పక్కనే ఉన్న కర్ణాటకలో రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్ 1997లో బెంగళూరులో మందుల సమాచార కేంద్రం పెట్టింది. ఒక గది, నమ్మదగిన పుస్తకాలు, ఒక ఫోను, మందుల చదువు చదివిన నలుగురు. ఫోను వస్తే వాళ్లు వెంటనే జవాబు చెప్పరు, ముందు అడుగుతారు: వయసెంత, బరువెంత, కిడ్నీ ఎలా ఉంది, గర్భవతా, ఇంకేం మందులు వాడుతున్నారు, పసరు మందు ఏమన్నా తాగుతున్నారా? తర్వాత చూసి చెబుతారు. చెప్పింది రాసి పెట్టుకుంటారు. అవసరమైతే మర్నాడు మళ్లీ ఫోను చేస్తారు. ఇంటర్నెట్‌లో వెతుక్కోవచ్చు కదా అని మీలో ఎవరైనా అంటే నా జవాబు ఇదే. ఇంటర్నెట్ ఒక మందు పేరు కొడితే నలభై దుష్ఫలితాల జాబితా చదివి వినిపిస్తుంది. "రోజూ వేసుకుంటున్నారా అమ్మా?" అని తిరిగి అడగదు. జనాన్ని భయపెట్టేది జాబితా. భయం తీర్చేది మనిషి. మీరు భయపడుతున్న భయానికి మందు, మాట తగ్గించడంలో లేదు, సరైన మనిషి చేత చెప్పించడంలో ఉంది.

మనుషులు లేరని మాత్రం అనకండి. ఆ మాట మన రెండు రాష్ట్రాలు అనడానికి వీల్లేదు. దేశంలో ఫార్మ్-డి చదువు 2008లో వచ్చింది. ఇంటర్ తర్వాత ఆరేళ్లు, చివరి ఏడాది పూర్తిగా ఆసుపత్రిలోనే. ఆ కాలేజీలకు మన దగ్గర కొదవ లేదు. తెల్లకోటు వేసుకుని, చేతిలో ఫైలుతో, పెద్దాసుపత్రుల వార్డుల్లో డాక్టర్ల వెనక నడిచే ఆ పిల్లల్ని మీరు చూసే ఉంటారు. ఏ మందు ఏ మందుతో పడదో వాళ్లు చదివారు. వాళ్ల కాలేజీలు కొన్ని ఆసుపత్రుల్లో మందుల సమాచార కేంద్రం అని బోర్డు కూడా పెట్టాయి, చదువులో భాగంగా. పట్టా చేతికి వచ్చాక ఏమవుతోంది? వాళ్లలో చాలామంది హైదరాబాద్‌లో హైటెక్ సిటీ అద్దాల మేడల్లో కూర్చుని, అమెరికాలోనో యూరప్‌లోనో ఎవరికో మందు పడక దద్దుర్లు వస్తే ఆ ఫైలు ఇంగ్లిషులో నింపుతున్నారు. ఉద్యోగం గౌరవమైనదే, నేను తప్పు పట్టను. కానీ అయ్యా, ఒహాయోలో ముసలమ్మకు వచ్చిన నోటిపూతను రాసుకోవడానికి హైదరాబాద్‌లో మన పిల్ల ఉంది. గుంటూరు జిల్లాలో మా అక్కకు వచ్చిన నోటిపూతను వినడానికి లేదు. ఈ వాక్యం చదివి మీకేమీ అనిపించలేదా?

ఫోను పద్ధతి మనకు కొత్త కాదు. 108 అంబులెన్సు 2005లో ఇక్కడే మొదలై దేశానికి దారి చూపింది. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో 104 నంబరు మీద ఆరోగ్య సలహా చెప్పే సేవ పెట్టినప్పుడు దేశమంతా వచ్చి చూసింది. ఆ రెండు నంబర్లూ మన పల్లెల్లో పసిపిల్లలకు కూడా కంఠతా వచ్చు. అలవాటు ఉంది, నంబరు ఉంది, చదువుకున్న పిల్లలు ఉన్నారు, నిబంధన పుస్తకంలో ఉంది. లేనిది మీ సంతకం.

అందుకే మిమ్మల్ని నాలుగు పనులు అడుగుతున్నాను.

మొదటిది, 104లో మందుల ప్రశ్నలకు ప్రత్యేకంగా ఒక బల్ల వేయండి. ఫార్మ్-డి చదివినవాళ్లను కూర్చోబెట్టండి. తెలుగుతో పాటు ఉర్దూలో మాట్లాడేవాళ్లు ఉండాలి. ఆదిలాబాద్, భద్రాచలం, సీతంపేట వైపు గోండీ, కోయ, సవర మాట్లాడే పిల్లల్ని వెతికి తీసుకోండి. మందుల కంపెనీల డబ్బు పైసా కూడా ఆ బల్ల మీద పడకూడదు. పడ్డ రోజు అది సమాచార కేంద్రం కాదు, అమ్మకాల కౌంటరు.

రెండవది, ప్రతి బోధనాసుపత్రిలో, ప్రతి జిల్లా ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయండి. ఇంటికి పంపే రోజున రోగిని కూర్చోబెట్టి, పాత మందుల కవర్లూ కొత్త చీటీ పక్కపక్కన పెట్టి, ఏది ఉంచాలో ఏది ఆపాలో చెప్పి పంపే మనిషి ఉండాలి. ఆసుపత్రి నుంచి ఇంటికి మారే ఆ పూటే పొరపాట్లు ఎక్కువగా జరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రత్యేకంగా గుర్తించింది. మందుల వల్ల జరిగే, నివారించదగిన తీవ్రమైన హానిని అయిదేళ్లలో సగానికి తగ్గించాలని ఆ సంస్థ 2017లో దేశాలన్నిటినీ కోరింది. మందుల పొరపాట్ల వల్ల ప్రపంచానికి ఏటా 42 బిలియన్ డాలర్లు ఖర్చవుతోందని లెక్క కట్టింది. ఆ అయిదేళ్లూ ఎప్పుడో దాటిపోయాయి. ఏటా సెప్టెంబరు 17న రోగుల భద్రతా దినం అని మీ ఆసుపత్రుల్లో ఫ్లెక్సీలు కడుతున్నారు. ఫ్లెక్సీ కట్టిన తాడుకు అయిన ఖర్చుకు లెక్క ఉంటుంది. తగ్గిన పొరపాట్లకు లెక్క ఉందా?

మూడవది, కవరు మీద తెలుగు రావాలి. అన్ని మందులకూ ఒకేసారి కష్టమైతే, ప్రాణం మీదికి తెచ్చే పది మందులతో మొదలుపెట్టండి. మెథోట్రెక్సేట్, ఇన్సులిన్, రక్తం పల్చన చేసే మందులు, డిగాక్సిన్, ఫిట్స్ మందులు, పిల్లల పారాసిటమాల్ లాంటివి. ముందుగా ప్రభుత్వాసుపత్రి కౌంటర్లలో ఒక స్టిక్కరు అంటించండి. "వారానికి ఒక్కసారే. బుధవారం." అంత పెద్ద అక్షరాలతో, కళ్లజోడు లేకుండా కనిపించేటట్టు. పక్కన సూర్యుడో చంద్రుడో బొమ్మ. కింద 104. ఆ స్టిక్కరు ఖరీదు మా అక్కకు వేసిన ఒక్క సూది ఖరీదులో ఎన్నో వంతు ఉంటుందో మీ మందుల కొనుగోలు సంస్థలే లెక్క చెప్పగలవు.

నాలుగవది, పొరపాటు జరిగితే దాచుకోని వాతావరణం కల్పించండి. నర్సు తప్పు ఒప్పుకుంటే మెమో, సస్పెన్షన్, పేపర్లో ఫొటో. అలాంటప్పుడు ఎవరు చెబుతారు? శిక్ష భయం లేకుండా రాసిచ్చే పద్ధతి పెట్టి, పేర్లు లేకుండా ఏడాదికోసారి అచ్చు వేయండి. ఏ ప్రశ్నలు ఎక్కువ వచ్చాయో, ఏ మందు దగ్గర జనం ఎక్కువ తడబడ్డారో 104కు వచ్చిన ఫోన్లు రాసుకునే పుస్తకంలోంచే తేలుతుంది. ఆ పుస్తకం తెరిస్తే ఏ కవరు మీద ఏ స్టిక్కరు వేయాలో మీకు ఏ కన్సల్టెంటూ చెప్పక్కర్లేదు.

డాక్టర్ల సంఘాల మిత్రులకు కూడా ఒక మాట. ఇది మీ కుర్చీ లాక్కునే పని కాదు. రోగ నిర్ధారణ మీదే, చీటీ మీదే. మీ చీటీ మీరు అనుకున్నట్టే అమలు కావడానికి ఒక తోడు. మెథోట్రెక్సేట్ రాసిన ఆ డాక్టరు అక్కను చూడటానికి వచ్చినప్పుడు చీటీని రెండుసార్లు తిప్పి చూసుకుని, "నేను బుధవారం అనే రాశానమ్మా" అన్నారు. ఆ గొంతులో బాధ ఉంది. ఆ బాధ ఇంకో డాక్టరుకు రాకుండా చూడటం కూడా ఈ సేవ పనే.

గౌరవ మంత్రులారా, అధికారులారా, మందు ఉచితంగా ఇస్తే ఓటు గుర్తుంటుంది, మాట ఇస్తే గుర్తుండదని మీకు ఎవరైనా చెప్పారేమో నాకు తెలియదు. మందు, మాట రెండూ కలిస్తేనే వైద్యం అని మన పాత వైద్యులకు మాత్రం తెలుసు. పొట్లం చేతికిస్తూ "తేనెతో నాకు, పరగడుపున, పులుపు తినకు" అని మూడు ముక్కలు చెప్పకుండా వాళ్లు ఎవరినీ గుమ్మం దాటనిచ్చేవాళ్లు కాదు. పథ్యం చెప్పని వైద్యుణ్ణి ఊరు వైద్యుడనేది కాదు. ఇన్ని కోట్ల బడ్జెట్లతో, ఇన్ని అంతస్తుల ఆసుపత్రులతో, మనం ఆ మూడు ముక్కలు ఎక్కడ పోగొట్టుకున్నాం?

అక్క ఇప్పుడు కోలుకుంది. అదే మెథోట్రెక్సేట్ మళ్లీ మొదలుపెట్టారు, ఈసారి తక్కువ డోసుతో, నెలనెలా రక్తపరీక్షతో. వంటింటి గోడ మీది క్యాలెండర్లో మా మేనకోడలు ఏడాది పొడుగునా బుధవారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. మాత్ర వేసుకోగానే అక్క ఆ సున్నా మీద అడ్డగీత కొడుతుంది. గీత ఉంటే ఆ వారం ఇక లేదు. ప్రస్తుతానికి అక్కకున్న మందుల సమాచార సేవ ఆ క్యాలెండరొక్కటే.

ఇట్లు,
ఒక రోగి తమ్ముడు,
హైదరాబాద్